తూము దాటిన ఉప్పునీటికి జవాబుదారీ ఎవరు?

పేరు, ఊరు బయటపెట్టవద్దన్న షరతుతో పశ్చిమ గోదావరి జిల్లా తీర మండలం నుంచి ఒక పాఠకురాలు పద్నాలుగు పేజీల ఉత్తరం రాశారు. తండ్రికి పక్షవాతం రావడంతో ఆమె హైదరాబాదులో చేస్తున్న ఆడిటింగు ఉద్యోగం మానేసి, మూడేళ్ల క్రితం కుటుంబ వ్యాపారాన్ని చేతిలోకి తీసుకున్నారు. మొత్తం 40 ఎకరాల వనామీ రొయ్యల చెరువులు. వాటిలో 24 ఎకరాలు సొంతం, 16 ఎకరాలు లీజు. పద్దెనిమిది మంది పనివాళ్లు, బ్యాంకు అప్పు, అమెరికాలో ఉన్న అన్నయ్య పెట్టుబడి, ప్రతి పట్టుబడి (చెరువులో రొయ్య పట్టి అమ్మడం) తర్వాతా ఆయనకు పంపవలసిన లెక్కలు ఉన్నాయి.

రెండు వేసవులుగా ఊరి మంచినీటి చెరువు ఉప్పగిల్లుతోంది. కాలనీలో చేతిపంపుల నీళ్లతో పప్పు ఉడకడం లేదని ఆడవాళ్లు అంటున్నారు. డ్రెయిన్ దిగువన పన్నెండు ఎకరాల వరిలో నారు ఎర్రబారి చచ్చిపోయింది. ఆ డ్రెయిన్‌లోనే వలలేసుకుని బతికే కుటుంబాలు చేపలు దొరకడం లేదని చెబుతున్నాయి. నిరుడు ఒక చెరువులో తెల్లమచ్చ తెగులు కనిపించినప్పుడు, ఆమెకు చెప్పకుండానే సూపర్‌వైజరు రాత్రికి రాత్రి తూము ఎత్తించి నీళ్లన్నీ డ్రెయిన్‌లోకి వదిలించేశాడు. గ్రామసభలో ఒక పెద్దావిడ లేచి, "అమ్మాయిగారూ, మీ రొయ్యలకైతే రోజూ మీటరు పెట్టి నీళ్లు చూస్తారు, మా బిందెలో నీళ్లు ఎప్పుడైనా చూశారా?" అని అడిగిందట. ఆ మాట తనను నిద్రపోనివ్వడం లేదని ఆమె రాశారు.

ఇంట్లో తలొక సలహా ఇస్తున్నారు. మనకు రిజిస్ట్రేషను ఉంది, అందరూ వదిలే డ్రెయిన్‌లోకే మనమూ వదులుతున్నాం, నాన్నగారి పేరుతో ఒక ఆర్‌ఓ ప్లాంటు పెట్టిస్తే గొడవ సద్దుమణుగుతుందని అన్నయ్య అంటారు. ఆ పన్నెండు ఎకరాలూ ఎలాగూ చౌడుబారుతున్నాయి కనుక చవగ్గా కొనేసి చెరువులు తవ్విద్దామని బాబాయి సూచన. అన్నీ అమ్మేసి హైదరాబాదు తిరిగి వెళ్లిపోదామని భర్త అభిప్రాయం. "వీటిలో ఏది న్యాయం? నీటినీ ఊరినీ పాడుచేయకుండా ఈ వ్యాపారం చేయడం అసలు సాధ్యమేనా, లేక నన్ను నేను మోసం చేసుకుంటున్నానా?" అన్నది ఆమె ప్రశ్న.

*

మీ ఉత్తరంలో మూడు వేర్వేరు సమస్యలు ఒకే ముడిగా పడి ఉన్నాయి. ఊరి తాగునీరు ఒకటి, పొరుగువారి నేల ఒకటి, మీ ఇంట్లో పెట్టుబడికీ మనస్సాక్షికీ మధ్య జరుగుతున్న వాదన మరొకటి. మీ ఇంటివాళ్లు ఇస్తున్న సలహాలు చివరిదాన్ని చల్లార్చడానికి పనికివస్తాయి గాని మొదటి రెండింటినీ తాకవు. అందుకే అవేవీ మీకు మింగుడుపడటం లేదని నా అనుమానం.

ముందుగా మీకు న్యాయం చేసే మాట ఒకటి చెప్పాలి. ఆ ఊరి ఉప్పు అంతా మీదే అయి ఉండనక్కరలేదు. డెల్టా చివరి భూముల్లో లోతు నీరు చాలాచోట్ల సహజంగానే ఉప్పన. వేసవిలో కాలువలు కట్టేశాక పైనుంచి మంచినీటి ఒత్తిడి తగ్గుతుంది, సముద్రపు పోటు డ్రెయిన్లలో ఎగువకు ఎక్కుతుంది. మీకు ఎగువన ఇంకెందరి చెరువుల తూములు ఆ డ్రెయిన్‌లోకి తెరుచుకుంటున్నాయో మీరు రాయలేదు, బహుశా లెక్కపెట్టి ఉండరు. అయితే ఇదే మాటను మీ అన్నయ్య వాదనకు ఊతంగా వాడుకోవద్దు. పదిమంది కలిసి పాడుచేసిన నీటిలో ఎవరి వాటా ఎంతో తేలలేదు కనుక ఎవరి బాధ్యతా లేదనడం చెల్లదు. మీ వాటా ఎంతో తేల్చుకోవలసిన పని మీ మీద పడుతుంది, అంతే.

తేల్చడం కష్టమేమీ కాదు. గ్రామసభలో ఆ పెద్దావిడ అడిగినది సరిగ్గా అదే. మీ చెరువు గట్టు మీద సెలైనిటీ (ఉప్పదనం) చూసే రిఫ్రాక్టోమీటరు ఉండే ఉంటుంది. అది వెయ్యికి ఒక వంతు కన్నా సూక్ష్మంగా చూపలేదు. తాగునీటికి భారతీయ ప్రమాణాల సంస్థ పెట్టిన గీత లీటరుకు 500 మిల్లీగ్రాముల కరిగిన లవణాల దగ్గర ఉంది, అంటే వెయ్యికి అర వంతు. వేరే నీటి వనరు లేనప్పుడు 2,000 వరకు సహించవచ్చునంటారు. కాబట్టి రొయ్యకు "బాగుంది" అని చెప్పే పరికరం మనిషి తాగే నీటి విషయంలో గుడ్డిదే. కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటరు కొనండి, ఖరీదు పెద్దదేమీ కాదు. మీ తూము దగ్గర, డ్రెయిన్‌లో మీ తూముకు ఎగువన, దిగువన, ఊరి చెరువులో, కాలనీ పంపుల్లో, ఆ వరి చేల ఊట గుంటలో నీళ్లు చూడండి. నీళ్లు వదలడానికి ముందు, వదిలాక, పోటు వేళ, వాన తర్వాత, కాలువలు కట్టేశాక మళ్లీ మళ్లీ చూడండి. ఎగువకూ దిగువకూ ఉన్న తేడాయే మీ వాటాకు మొదటి అంచనా. ఆరు నెలల్లో ఒకసారైనా ప్రభుత్వ ప్రయోగశాలలో పరీక్ష చేయించి మీ మీటరును సరిచూసుకోవాలి. లేకపోతే రేపు ఎవరూ మీ అంకెలను నమ్మరు.

ఆడిటింగు చేసినవారు కనుక మీకు అంకెలతోనే చెబుతాను. ఒక ఎకరం చెరువులో నాలుగడుగుల నీరు ఉంటే అది దాదాపు 49 లక్షల లీటర్లు. అందులో వెయ్యికి పది వంతుల ఉప్పు ఉంటే, ఆ ఒక్క చెరువులో కరిగి ఉన్న ఉప్పు 49 టన్నులు. తాగునీటి గీతకు అది ఇరవై రెట్లు. మీ సూపర్‌వైజరు ఆ రాత్రి వదిలింది తెల్లమచ్చ వైరస్‌ను మాత్రమే కాదు, ఇన్ని టన్నుల ఉప్పును కూడా, అదీ డ్రెయిన్‌లో నీరు ఎటు నడుస్తోందో చూడకుండా.

ఇక మేత సంగతి. ఎకరానికి రెండు టన్నుల రొయ్య తీశారనీ, కిలో రొయ్యకు 1.6 కిలోల మేత పడిందనీ అనుకుందాం. మొత్తం 3,200 కిలోలు. 35 శాతం మాంసకృత్తులున్న మేతలో నత్రజని 5.6 శాతం, అంటే సుమారు 179 కిలోలు. మీరు లారీకి ఎక్కించిన రొయ్యలో బయటికి పోయేది అందులో మూడో వంతు మాత్రమే. మిగిలిన 120 కిలోల్లో కొంత గాలిలో కలుస్తుంది, కొంత అడుగు బురదలో ఉంటుంది, కొంత నీటితో పాటు డ్రెయిన్‌లోకి పోతుంది. 45 కిలోల యూరియా బస్తాలో నత్రజని 21 కిలోలకు కాస్త తక్కువే. ఆ లెక్కన ఎకరానికి ఆరు యూరియా బస్తాలకు దగ్గరైన నత్రజని, రొయ్యగా మారకుండా, ప్రతి పంటకూ మీ చేతి నుంచి జారిపోతోంది. దాన్ని మీరు మేత ధరకు కొన్నారన్న సంగతి మరవకండి.

ఈ రెండు లెక్కలనూ విడివిడిగా ఎందుకు చెప్పానంటే, వాటికి మందు ఒకటి కాదు. ఈ పొరపాటు చాలామంది చేస్తారు. వ్యర్థజల శుద్ధి చెరువు అడుగు మడ్డిని దించుతుంది, నత్రజనిని, భాస్వరాన్ని తగ్గిస్తుంది. కరిగిన ఉప్పును అది చెంచాడు కూడా తీయలేదు. శుద్ధి చెరువు తవ్వేశాం కనుక ఊరి నీరు బాగుపడుతుందని మీరు గ్రామసభలో మాట ఇస్తే, రెండేళ్ల తర్వాత మీ మాటకు విలువ ఉండదు.

ఇప్పుడు ఇంటివారి సలహాలకు వద్దాం.

ఆర్‌ఓ ప్లాంటు తప్పేమీ కాదు. ఈ వేసవి గొంతు తడవాలంటే అలాంటిది ఏదో ఒకటి కావలసి రావచ్చు. కానీ ఆ ప్లాంటు మంచినీటిని తయారుచేయదు, ఉన్న నీటిని రెండుగా విడదీస్తుంది. ఒక పాయ క్యానులోకి, మరింత ఉప్పెక్కిన పాయ బయటికి. ఆ రెండో పాయను మళ్లీ అదే డ్రెయిన్‌లోకో, ప్లాంటు వెనక గుంటలోకో వదిలితే కాలనీ పంపుల కింద ఉప్పు ఇంకా పెరుగుతుంది. పైగా క్యాను నీళ్లు తాగడానికే సరిపోతాయి. గిన్నెలు తోముకోవడానికి, స్నానానికి, గేదె తాగడానికి ఊరి చెరువే దిక్కు. ఫిల్టర్లు, మెంబ్రేన్లు మార్చే ఖర్చు రెండో ఏడు ఎవరు పెడతారో ముందే రాసుకోకపోతే, మన పల్లెల్లో తాళం పడిన ప్లాంటు గదులు ఎన్ని ఉన్నాయో మీకు నేను చెప్పక్కరలేదు. ప్లాంటు పెట్టండి, మూడేళ్ల నిర్వహణ ఖర్చుతో, ఉప్పుపాయ పోయే దారితో సహా పెట్టండి. నాన్నగారి పేరు మాత్రం ఇప్పుడే రాయించకండి. నష్టపరిహారానికి దాత పేరు పెట్టడం ఊరివాళ్లకు మంటెత్తిస్తుంది.

ఈ విషయంలో చట్టం కూడా ఒక తేడా చూపుతుంది. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షను పెద్ద కంపెనీలకు వర్తించేది. 500 కోట్ల నికర విలువ గాని, 1,000 కోట్ల టర్నోవరు గాని, 5 కోట్ల నికర లాభం గాని దాటినవి గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యతకు ఖర్చుపెట్టాలి. మీకు అది వర్తించదు. కానీ ఆ నిబంధనలలోనే, సంస్థ తన వ్యాపారంలో భాగంగా మామూలుగా చేసే పని సామాజిక బాధ్యత ఖర్చు కిందికి రాదని రాసి ఉంది. తన తూములోంచి వచ్చే నీటిని శుభ్రం చేసుకోవడం దానం కాదు, ఉత్పత్తి ఖర్చు. మీ అన్నయ్యతో మాట్లాడేటప్పుడు ఈ పద్దు ఏ ఖాతాలో వేయాలన్న దగ్గరే మొదలుపెట్టండి. ఆడిటరు మాటలా వినిపిస్తుంది, ఆయన నొచ్చుకోరు.

బాబాయిగారి సలహా దగ్గర నేను కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే అది వినడానికి అందరికీ లాభంగా కనిపిస్తుంది. చౌడుబారిన పొలానికి డబ్బు వస్తుంది, మీకు చెరువు వస్తుంది, ఫిర్యాదు చేసేవాడు ఉండడు. కానీ ఆ పొలం ధర పడిపోవడానికి మీ ఊటనీరు కొంతైనా కారణమైతే, మీరు తగ్గించిన ధరకే మీరు కొంటున్నట్టు అవుతుంది. అంతకన్నా పెద్ద చిక్కు మరొకటి ఉంది. ఆ పన్నెండు ఎకరాలను దున్నుతున్నది ఎవరు? గోదావరి డెల్టాలో చాలాచోట్ల సాగుచేసేది కౌలురైతు. పట్టాదారుకు మీ డబ్బు ముడుతుంది, ఆయన భీమవరంలోనో హైదరాబాదులోనో ఉండవచ్చు. నారు చచ్చిపోయిన కౌలురైతుకు ఆ అమ్మకంలో కాగితం మీద చోటే ఉండదు. నాట్లకు, కలుపులకు, కోతలకు వెళ్లే కాలనీ ఆడవాళ్ల పనిదినాలు ఆ ఎకరాలతో పాటే పోతాయి. చెరువుకు కావలసింది కొద్దిమంది మగవాళ్లు, వాళ్లు కూడా తరచు బయటి జిల్లాల నుంచో బయటి రాష్ట్రాల నుంచో వస్తారు. మీ మీద ఫిర్యాదు చేసినవాళ్లలో భూమి ఉన్నవాళ్లు తగ్గిపోయి, లేనివాళ్లు మిగులుతారు. దాన్ని పరిష్కారం అనలేం.

చట్టం వైపు నుంచి కూడా అది ప్రమాదమే. తమిళనాడు సర్వోదయ నాయకుడు ఎస్. జగన్నాథన్ వేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 1996 డిసెంబరు 11న ఇచ్చిన తీర్పు వ్యవసాయ భూములను, ఉప్పు మడులను, మడ అడవులను, చిత్తడి నేలలను, గ్రామ ఉమ్మడి భూములను రొయ్యల చెరువులుగా మార్చరాదని చెప్పింది. పాడుచేసినవారే పరిహారం కట్టాలన్న సూత్రాన్ని రొయ్యల సాగుకు వర్తింపజేసింది కూడా అదే. ఆ తర్వాతే 2005లో కోస్తా ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం వచ్చింది. మీ చెరువులు పోటు గీతకు రెండు కిలోమీటర్ల లోపల ఉంటే ఆ అథారిటీ పరిధిలోకి, బయట ఉంటే 2020 నాటి రాష్ట్ర ఆక్వాకల్చర్ అభివృద్ధి ప్రాధికార సంస్థ పరిధిలోకి వస్తారు. ముందు మీ 40 ఎకరాల్లో ఏ చెరువు ఏ పరిధిలో ఉందో, ముఖ్యంగా లీజు 16 ఎకరాలకు రిజిస్ట్రేషను ఎవరి పేరున ఉందో చూసుకోండి. "మనకు రిజిస్ట్రేషను ఉంది" అన్న మాట చాలా ఇళ్లలో సగం చెరువులకే నిజం. ఆ కాగితం కూడా ఊరికే రాదు. అథారిటీ మార్గదర్శకాలు తాగునీటి వనరుకు వంద మీటర్ల దూరం పాటించాలంటాయి, చదరపు మీటరుకు 60 వనామీ పిల్లలకు మించవద్దంటాయి, భూగర్భజలం తోడవద్దంటాయి, తెగులు వచ్చిన చెరువు నీటిని క్రిమిరహితం చేయకుండా వదలవద్దంటాయి. ఆ రాత్రి తూము ఎత్తిన క్షణంలో మీ రిజిస్ట్రేషను మీకు రక్షణ కాదు, మీ మీద సాక్ష్యం.

ఇక మీ భర్తగారి సలహా. అమ్మేసి వెళ్లిపోవడం గౌరవనీయమైన నిర్ణయమే. మీ ఆరోగ్యం, మీ కాపురం కూడా లెక్కలోకి రావలసినవే. దాని ఫలితం మాత్రం తెలిసి చేయండి. మీ చెరువులు కొనేవారు చెరువులో రొయ్యపిల్లలను మరీ ఒత్తుగా వదిలే లీజుదారు అయ్యే అవకాశమే ఎక్కువ. గ్రామసభకు వచ్చి నిలబడే యజమాని పోయి, ఫోనెత్తని యజమాని వస్తాడు. మీ మనసు తేలికపడుతుంది, డ్రెయిన్ తేలికపడదు. వెళ్లాలనే అనుకుంటే, లీజు 16 ఎకరాలను ముందు ఎలా అప్పగిస్తారో ఆలోచించండి. ఆ భూమి ఒకప్పుడు వరి చేను. జిప్సం చల్లితే మళ్లీ పొలమైపోతుందని చెప్పేవాళ్లు ఉంటారు. జిప్సం క్షారం పట్టిన నేలకు మందు. ఉప్పెక్కిన నేలను కడగడానికి కావలసింది పుష్కలమైన మంచినీరు, ఆ నీరు దిగిపోవడానికి దారి. డెల్టా చివర్లో ఆ రెండూ కరువే. లీజు ఒప్పందంలో నేలను తిరిగి ఏ స్థితిలో ఇవ్వాలో ఒక్క ముక్క లేకపోతే, మీరు ఊళ్లో ఉన్నా వెళ్లిపోయినా, ఇకముందు రాసుకునే ఒప్పందాల్లో చేర్చండి.

"అసలు సాధ్యమేనా" అని అడిగారు. ఉప్పును పూర్తిగా సున్నా చేయడం మీ ఒక్కరివల్ల కాదు. మీ వాటాను బాగా తగ్గించడం, మిగిలినదానికి ఎదురుగా నిలబడి జవాబు చెప్పడం సాధ్యమే. అది కొన్ని ఎకరాల సాగును వదులుకునే పని.

నలభైలో నాలుగు ఎకరాలు సాగు నుంచి తప్పించి, వాటిని రెండు రకాలుగా వాడవచ్చు. ఒకటి, మడ్డి దించే శుద్ధి చెరువు. పట్టుబడి వేళ పైనీరు ముందు నెమ్మదిగా వదిలి, మడ్డితో నల్లగా వచ్చే చివరి వంతు నీటిని మాత్రం తప్పకుండా ఇందులోకి మళ్లించాలి, కొన్ని రోజులు నిలవనివ్వాలి. అందులో పాలబొంత లాంటి చేపలు వేసుకుంటే నాచును, కుళ్లును కొంత అవి తింటాయి. రెండోది, నీటిని తిరిగి వాడుకునే నిల్వ చెరువు. ఒక పంట నీటిని బ్లీచింగుతో శుద్ధిచేసి తర్వాతి పంటకు వాడుకుంటే, ఉప్పు బయటికి పోయేదీ తగ్గుతుంది, ఏరు నుంచి కొత్త నీటితో పాటు తెగులు తెచ్చుకునే ప్రమాదమూ తగ్గుతుంది. కరెంటు ఖర్చు పెరుగుతుంది, ఆ మాట దాచను.

తప్పనిసరిగా వదలవలసిన నీటికి వేళ చూసుకోవాలి. డ్రెయిన్‌లో నీరు సముద్రం వైపు తీసే ఆటు వేళ, వానాకాలంలో డ్రెయిన్ నిండుగా పారుతున్నప్పుడు వదలడానికీ, వేసవిలో పోటు ఎక్కుతుండగా వదలడానికీ ఉన్న తేడా ఊరి చెరువుకు ప్రాణాంతకమైనంత పెద్దది. దీనికి ఒక్క రూపాయి ఖర్చు లేదు, ఒక క్యాలెండరు, ఆ క్యాలెండరును దాటి తూము ఎత్తే అధికారం సూపర్‌వైజరుకు లేకుండా తాళం చాలు. తాళంచెవి మీ దగ్గర ఉంచుకోండి.

వరి చేలవైపు గట్టుకు ఊటను ఆపే కాలువ తవ్వాలి. మీ చెరువు నీటిమట్టం పక్క పొలం కన్నా ఎత్తులో ఉంటుంది కనుక ఒత్తిడి ఎప్పుడూ పొలం వైపే. బంకనేల అయితే ఊట నెమ్మదిగా, ఇసుక పొర తగిలితే వేగంగా సాగుతుంది. గట్టు పక్కన చెరువు అడుగు కన్నా లోతుగా కాలువ తీసి, అందులో చేరిన ఉప్పునీటిని తిరిగి మీ చెరువులోకే తోడుకోవాలి. ఎక్కడ ఇసుక పొర ఉందో మీ నాన్నగారికి తెలిసి ఉంటుంది, చెరువులు తవ్వించింది ఆయనే కదా. అలాగే పట్టుబడి తర్వాత గీకిన అడుగు బురదను గట్టు మీద కుప్పలు పోసే అలవాటు మానాలి. మొదటి వానకే అందులోని ఉప్పు పక్క పొలంలోకి దిగుతుంది. వరి నారు దశలోనూ పూత దశలోనూ ఉప్పుకు మరీ సున్నితం, మీ వేసవి పంట బురద సరిగ్గా సార్వా నారుమళ్ల వేళకే తయారవుతుంది.

మడ మొక్కల సంగతి కూడా రాశారు, ఏరు ఒడ్డున వెయ్యి మొక్కలు నాటిస్తే బాగుంటుందా అని. పోటునీరు వచ్చి పోయే చోట మడ దానంతట అదే లేస్తుంది, నీరు ఆడని చోట ఎన్ని నాటినా చస్తాయి. మన గోదావరి, కృష్ణా డెల్టాల్లో పాడైన మడను తిరిగి తెచ్చినచోట్ల ముందు చేపముల్లు ఆకారంలో కాలువలు తవ్వి పోటునీటిని లోపలికి రానిచ్చారు, మొక్క ఆ తర్వాత సంగతి. బ్యానరు, ఫొటో కోసమైతే ఆ డబ్బు ఊట కాలువకు పెట్టండి.

లాభనష్టాల మాట. మేత నిష్పత్తిని 1.6 నుంచి 1.4కు తేగలిగితే, రెండు టన్నుల దిగుబడికి ఎకరానికి 400 కిలోల మేత మిగులుతుంది. కిలో 90 రూపాయలు అనుకుంటే 36,000 రూపాయలు, 36 ఎకరాలకు దాదాపు 13 లక్షలు, ఒక్క పంటకు. చెక్‌ట్రేలు (రొయ్య ఎంత మేత తిన్నదో చూసే పళ్లేలు) నిజంగా చూసి మేత వేయడం, పిల్లల సాంద్రత తగ్గించడం, మబ్బు పట్టిన రోజున మేత తగ్గించడం లాంటివాటితోనే చాలావరకు సాధ్యం. వదులుకున్న నాలుగు ఎకరాల లాభంతో దీన్ని పోల్చి అన్నయ్యకు పంపండి. మొదటి పంటకే ఈ నిష్పత్తి వస్తుందని మాత్రం రాయకండి, రాదు. కొనుగోలుదారుల వైపు నుంచి కూడా ఆయనకు చెప్పదగ్గది ఉంది. ఐరోపా, అమెరికా దుకాణాలు అడిగే ఏఎస్‌సీ (ఆక్వాకల్చర్ స్టివార్డ్‌షిప్ కౌన్సిల్) లాంటి ధ్రువీకరణలు ఇప్పుడు యాంటీబయాటిక్ అవశేషాల దగ్గర ఆగడం లేదు. చెరువు చుట్టూ ఉన్న జనంతో కూర్చుని వారిపై పడిన ప్రభావాన్ని అంచనా వేశారా, 1999 తర్వాత మడ నరికి చెరువు తవ్వారా అని అడుగుతున్నాయి. అథారిటీ రిజిస్ట్రేషను అయిదేళ్లకోసారి పునరుద్ధరణకు వస్తుంది. ఊరు సంతకం పెట్టని చెరువుకు ముందుముందు రేటు తగ్గుతుందన్నది ఆయనకు అర్థమయ్యే భాషే.

ఊరితో ఒప్పందం గురించి. నోటిమాట వద్దు, పంచాయతీ తీర్మానంగా రాసుకోండి. నీళ్లు వదిలే తేదీ మూడు రోజుల ముందు చెప్పడం, మీటరు అంకెలను పంచాయతీ బోర్డు మీద రాయడం, ఎప్పుడైనా వచ్చి తూము దగ్గర నీరు చూసుకునే హక్కు ఊరివాళ్లకు ఉండటం, నారు పోయిన కౌలురైతుకు పరిహారం లెక్కకట్టే పద్ధతి అందులో ఉండాలి. కమిటీలో సర్పంచి, పెద్దరైతులు మాత్రమే ఉంటే అది మీ అన్నయ్య కమిటీ అవుతుంది. కాలనీ ఆడవాళ్లు, డ్రెయిన్‌లో వలలేసేవాళ్లు, కౌలురైతులు ఉండాలి. గ్రామసభలో మిమ్మల్ని అడిగిన ఆ పెద్దావిడను తప్పక పిలవండి, మీటరు చదవడం ఆమెకు నేర్పడం అరగంట పని.

దీనివల్ల వచ్చే ప్రమాదం కూడా చెప్పాలి. మీ అంకెలు రేపు మీ మీదే కోర్టులోనో హరిత ట్రిబ్యునల్‌లోనో పెట్టవచ్చు. మిగతా చెరువులవాళ్లు, ఊళ్లో లేని లెక్కను తెచ్చిపెట్టారని మీ మీద కన్నెర్ర చేయవచ్చు, డీజిలు, మేత అప్పులు ఇచ్చే డీలరు ద్వారా ఒత్తిడి రావచ్చు. సంతకం పెట్టే ముందు న్యాయవాదికి చూపించండి. తోటి రైతులను మొదటే కలుపుకోవడం మరో దారి. డ్రెయిన్ మీద ఉన్నవాళ్లంతా సంఘంగా ఏర్పడి ఒకే క్యాలెండరు పాటిస్తే ఊరికి కనిపించే మార్పు వస్తుంది, మీ ఒక్కరి నాలుగు ఎకరాలతో రాదు. కానీ అందరూ ఒప్పుకునేదాకా ఆగితే ఇంకో రెండు వేసవులు పోతాయి. కొల్లేటిలో ఏం జరిగిందో మీ నాన్నగారి తరం చూసింది. 1999లో అభయారణ్యం ప్రకటించినా, 2002లో చిత్తడి నేలల అంతర్జాతీయ ఒప్పందం కింద రామ్‌సర్ గుర్తింపు వచ్చినా చెరువులు అలాగే నడిచాయి, చివరికి 2006లో గట్లు పేల్చివేసే పరిస్థితి వచ్చింది. అప్పుడు పెద్ద పెట్టుబడిదారులు తట్టుకున్నారు, చిన్నవాళ్లు చితికిపోయారు. అందుకే ముందు మీరు మొదలుపెట్టి, మీ అంకెలు చూపి ఇతరులను పిలవడమే నాకు మేలుగా తోస్తోంది. మీ ఊరి మనుషుల సంగతి నాకన్నా మీకు తెలుసు కనుక వరస మార్చుకోవచ్చు.

సూపర్‌వైజరును తీసేయాలా అని చివర్న అడిగారు. తెగులు వస్తే ఏం చేయాలో అతనికి ఎవరూ రాసి ఇవ్వలేదు, ఎక్కువ పట్టుబడికి బోనసు మాత్రం ఇచ్చారు. ముందు ఆ బోనసు మార్చండి.

ఇవన్నీ తేలడానికి నెలలు పడుతుంది. అన్నయ్య అనుమతి అక్కరలేనిది ఒకటి ఇప్పుడే ఉంది. కాలువలు కట్టేసే ముందు ఊరి మంచినీటి చెరువును నింపుకునే రోజులు వస్తున్నాయి. ఆ రోజుల్లోనూ, ఆ తర్వాత కాలువలు తిరిగి వదిలేదాకానూ, పట్టుబడి వాయిదా పడినా సరే, మీ తూముల్లో ఒక్కటీ తెరవబోమని పంచాయతీకి రాతపూర్వకంగా ఇవ్వండి. చెరువు నిండేలోపు ఒకసారి, నిండాక ఒకసారి సర్పంచి ఎదుట నీళ్లు కొలిచి ఆ అంకెలు వాళ్లకే ఇవ్వండి. వేసవి మధ్యలో ఆ చెరువు మళ్లీ ఉప్పగిల్లితే, కారణం మీ తూము కాదని తేలుతుంది, అప్పుడు వెతకవలసింది ఊటనో, ఎగువ చెరువులనో, పోటునో. ఉప్పగిల్లకపోతే, మీ వాటా ఎంతో మీకూ ఊరికీ ఒకేసారి తెలుస్తుంది.